నారు పోసినవాడు సరే, నీరు ఎవరు పోయాలి?

"జనం మరీ ఎక్కువైపోయారండీ!" ఈ మాట మనం రోజూ వింటూనే ఉంటాం. బస్సులో కాలు పెట్టడానికి చోటు లేకపోయినా, ఆసుపత్రిలో చీటీ కోసం వరుస కదలకపోయినా, ఒక్క ఉద్యోగానికి వందల దరఖాస్తులు వచ్చిపడినా తప్పు జనాభాదే అంటాం. అలా అనేటప్పుడు ఒక సంగతి గమనించారా? ఎక్కువైనవారిలో తానూ ఒకడినని ఎవరూ అనుకోరు. ఎక్కువైనవాడు ఎప్పుడూ పక్కవాడే. అందులోనూ చాలాసార్లు బీదవాడే. కాబట్టి "మనుషులు ఎక్కువయ్యారా?" అన్నది పైకి లెక్కల ప్రశ్నలా కనిపించినా, లోపల నీతికి సంబంధించిన ప్రశ్న. ఈ వారం దాన్ని మన పల్నాడు లెక్కలతోనే, బొల్లాపల్లి వైపు నిలబడి చూద్దాం.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 121 కోట్లమంది ఉన్నారు. 2023లో మనం చైనాను దాటిపోయామని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. 2011లో దేశం మొత్తం మీద చదరపు కిలోమీటరుకు సగటున 382 మంది. కాని సగటు మాట నమ్మరాదు. బీహారులో ఆ సంఖ్య 1,106. అరుణాచల్ ప్రదేశ్‌లో 17. రెండూ ఒకే దేశంలో ఉన్నాయి.

అంత దూరం పోనక్కరలేదు. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లాను విడదీసి పల్నాడు జిల్లాను ఏర్పరచారు. 2011 నాటి లెక్కలను కొత్త హద్దులకు సరిపెట్టి చూస్తే గుంటూరు జిల్లాలో సుమారు 20.9 లక్షలమంది, పల్నాడులో సుమారు 20.4 లక్షలమంది. రెండూ ఇంచుమించు సమానం. కాని గుంటూరు జిల్లా విస్తీర్ణం 2,443 చదరపు కిలోమీటర్లు, పల్నాడు విస్తీర్ణం 7,298. అంటే చదరపు కిలోమీటరుకు అక్కడ 850 మందికి పైగా, ఇక్కడ 280 మంది. దేశపు సగటు కంటే కూడా మనం పలుచన. ఈ పలుచని జిల్లాలో బొల్లాపల్లి మండలం మరీ పలుచని మూల. నల్లమల అంచు, గుట్టలు, మెట్ట చేలు, దూరదూరంగా తండాలు.

జనం ఎక్కువ కావడం వల్లనే బీదరికం వస్తుందన్న సూత్రం నిజమే అయితే ఏమి జరగాలి? తలకు మూడింతల నేల ఉన్న పల్నాడు మూడింతలు సుఖంగా ఉండాలి. గుంటూరు, తెనాలి వైపువారు ఇరుకులో అల్లాడిపోయి మన మెట్టకు తరలిరావాలి. జరుగుతున్నది అది కాదు గదా! మన పిల్లలే అక్కడి కాలేజీలకు వెళుతున్నారు. రోగం ముదిరితే మనమే అక్కడి ఆసుపత్రులకు పరుగెత్తుతున్నాం. వాన తప్పిన ఏడు మెట్ట కూలీలు మూటాముల్లె సర్దుకుని పని ఉన్నచోటికి పోతున్నారు. పలుచని చోటినుంచి కిక్కిరిసిన చోటికే మనుషులు నడుస్తున్నారు. మనిషి నేల వైశాల్యం చూసి నిలవడు. నీరు, పని, బడి, వైద్యం చూసి నిలుస్తాడు.

నీటి వెంట జనం

మన ప్రాంతం ఈ పాఠాన్ని చాలా ఖరీదుకు నేర్చుకున్నది. 1832-33లో నందన నామ సంవత్సరాన వచ్చిన కరువును పెద్దలు డొక్కల కరువు అనేవారు. ఆనాటి గుంటూరు జిల్లాలో దాదాపు 5 లక్షల జనం ఉంటే, అందులో లక్షన్నరకు పైగా చనిపోయారని అంచనా. ఆలోచించండి. ఆ రోజుల్లో జనం ఎక్కువా? ఇప్పటితో పోలిస్తే పిడికెడు. 2011లో పాత గుంటూరు జిల్లా జనాభా 48.88 లక్షలు. నాటి జిల్లా హద్దులు వేరే అయినా, నేల మాత్రం ఇదే. అప్పటికంటే ఎన్నో రెట్ల జనం ఈ రోజు ఈ నేలమీద తింటున్నారు, మిరపకాయలు దేశదేశాలకు పంపుతున్నారు. కొద్దిమంది ఉన్ననాడు ఆకలితో చచ్చారు, ఎక్కువమంది ఉన్ననాడు బ్రతికారు. తేడా తెచ్చినది తలల లెక్క కాదు.

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారిన డెల్టాలో ఊళ్లు చిక్కబడ్డాయి. మెట్టకు ఆ నీరు రాలేదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలాకనే పల్నాడులో చాలా భాగానికి పచ్చదనం వచ్చింది. కాలువ అందని ఎత్తు నేలలు మాత్రం వాననూ బోరునూ నమ్ముకొని మిగిలాయి. ఆ నేలలకు నీరెత్తే వరికపూడిశెల పథకం మాట ఏళ్ల తరబడి విన్నాక, 2023 నవంబరు 15న మాచర్లలో దానికి శంకుస్థాపన జరిగింది. బొల్లాపల్లి మండలంలోనే బండ్లమోటును చూడండి. అక్కడ హిందుస్థాన్ జింక్ సంస్థ సీసం గని నడిచినన్నాళ్లు జీతాలు, ఇళ్లు, అంగళ్లు ఉన్నాయి. గని మూతపడ్డాక ఆ పని పోయింది. ఒక చోట జనం చిక్కగా, మరొక చోట పలుచగా ఉండడం ఆకాశంనుంచి ఊడిపడిన విధి కాదు. అందులో చాలా భాగం మనుషులు చేసిన ఏర్పాటు.

సంఖ్యకు విలువే లేదా?

"అయితే ఎంతమందిని కన్నా ఫరవాలేదంటారా?" అని మీరు అడగవచ్చు. అలా అనడం కూడా సత్యం కాదు. తాతకు ఎనిమిది ఎకరాలు ఉంటే, నలుగురు కొడుకులకు తలా రెండు, వారి బిడ్డలకు అర ఎకరం, ముప్పావు ఎకరం. ఇది ఏ పుస్తకంలోనో చదవక్కరలేదు, మన గట్లమీదే కనబడుతుంది. ఒక్క చేనులో పది బోర్లు దిగితే భూమిలోని నీరు అందరికీ చాలదు. ఏటేటా కాన్పులతో తల్లి రక్తం ఉడిగిపోతే ఆ బాధ ఇంటిల్లిపాదికీ తగులుతుంది. "నారు పోసినవాడు నీరు పోయడా?" అని చేతులు ముడుచుకు కూర్చోవడం విశ్వాసం కాదు, బద్ధకం.

ఇంగ్లండులో మాల్తూస్ అనే ఆంగ్లికన్ గురువు 1798లో ఒక గ్రంథం రాసి, తిండి పెరిగే వేగం కంటే జనం పెరిగే వేగం ఎక్కువ కాబట్టి ఆకలి తప్పదని హెచ్చరించాడు. ఆనాడు ప్రపంచ జనాభా సుమారు 100 కోట్లు. 2022 నవంబరు 15న 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. మాల్తూస్ భయపడినట్లు లోకం అంతం కాలేదు. అయినా భూమికి, అడవికి, నీటికి హద్దులున్నాయన్న మాట అబద్ధం కాదు. కాబట్టి కుటుంబం తన శక్తిని, తల్లి ఆరోగ్యాన్ని, పుట్టబోయే బిడ్డ మేలును ఆలోచించుకోవడం వివేకమే. అయితే ఆలోచించవలసింది ఎవరు? ఎవరి మేలు కోసం? చిక్కు ఇక్కడే ఉంది.

అంకెలైపోయిన మనుషులు

ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క సంవత్సరంలోనే, దేశంలో 80 లక్షలకు పైగా సంతాన నిరోధక ఆపరేషన్లు జరిగాయి. వారిలో 60 లక్షలకు మించి మగవారు. ఎందరినో బలవంతంగా లాక్కుపోయి చేశారు. అధికారులకు ఇచ్చిన లక్ష్యంలో ఆ మనుషులు అంకెలు.

తరువాత మన రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఇద్దరికి మించి బిడ్డలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్నారు. చట్టం వచ్చేనాటికే బిడ్డలున్నవారికి మినహాయింపు ఇచ్చినా, ఆ తరువాతివారికి లేదు. నిర్మలా బుచ్ అనే మాజీ ఐ.ఎ.ఎస్. అధికారిణి ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో ఇటువంటి నిబంధన ఫలితాలను పరిశీలించారు. పదవికోసం బిడ్డను దత్తతకు ఇచ్చినవారు, భార్యను విడిచిపెట్టినవారు, పుట్టిన బిడ్డను మా బిడ్డ కాదన్నవారు, గర్భం తీయించినవారు ఆమె పరిశీలనలో కనబడ్డారు. నాయకుడికి సర్పంచి కుర్చీ దక్కింది. బిడ్డకు తండ్రి లేకుండా పోయాడు.

మూడు దశాబ్దాలు గడిచాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 1.7 బిడ్డలు. జనం తరిగిపోకుండా ఉండాలంటే 2.1 కావాలంటారు. ఆ భారాన్ని మోసిందెవరు? ఆ సర్వేలోనే మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారు. మగవారు నూటికి ఒక్కరైనా లేరు. ఇప్పుడు ముసలివారు పెరిగి పనిచేసేవారు తగ్గుతారని, పార్లమెంటులో దక్షిణాది స్థానాలు తగ్గుతాయని భయం పట్టుకుంది. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రిగారే ఎక్కువమంది బిడ్డలను కనమని పిలుపునిచ్చారు. నవంబరులో శాసనసభ ఆ ఇద్దరు బిడ్డల నిబంధనను తొలగించింది.

నిబంధన పోవడం మంచిదే. కాని నిన్నటిదాకా మూడవ బిడ్డ నేరం, నేడు మూడవ బిడ్డ దేశసేవ. బిడ్డ మారలేదు, లెక్క మారింది. అప్పుడూ ఇప్పుడూ బిడ్డను బిడ్డగా కాక, భారంగానో, పనివాడుగానో, ఓటుగానో చూడడమే జరుగుతున్నది. 1967లో ఆరవ పౌలు పాపుగారు "పోపులోరుం ప్రోగ్రెస్సియో" విశ్వలేఖలో, జనాభా విషయంలో నీతికి లోబడి ప్రభుత్వాలు పూనుకోవచ్చునంటూనే, ఎంతమంది బిడ్డలన్నది తల్లిదండ్రులే అన్నీ ఆలోచించి నిర్ణయించుకోవాలని స్పష్టం చేశారు. ఈ సూత్రం ప్రభుత్వానికే కాదు, మనకూ వర్తిస్తుంది. "మన సంఘం సంఖ్య తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనండి" అని ఎవరైనా కొత్త దంపతులను తొందరపెడితే, వారూ బిడ్డను అంకెగానే చూస్తున్నారు.

తొంబది తొమ్మిది, ఒకటి

జనం చిక్కగా ఉన్నచోట ప్రభుత్వం సులభంగా కదులుతుంది. ఒక్క రోడ్డు వేస్తే వేలమందికి మేలు. పలుచని చోట అదే ఖర్చుకు ఇరవై ఇళ్లు. అందుకే తండా వంతు ఎప్పుడూ చివర వస్తుంది. ఇది న్యాయమా? మన దేశపు నియమాలే దీనికి జవాబు ఇచ్చాయి. మైదానంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికే ఒకటి ఉండాలి. ఉపకేంద్రమైతే అక్కడ 5,000కు, ఇక్కడ 3,000కు. అంటే తలకింతని సమానంగా పంచడం మాత్రమే న్యాయం కాదు, దూరాన ఉన్నవాడికి కాస్త ఎక్కువ చేరిస్తేనే సమానం అవుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్నది. తొంబది తొమ్మిది గొర్రెలను విడిచి ఒక్కదానికోసం కొండలెక్కిన కాపరి కథ మనకు తెలుసు. లాభనష్టాల లెక్కలో అతడు తెలివిమాలినవాడు. ఆ ఒక్క గొర్రె మాత్రం అలా అనుకోదు.

కనుక, ప్రియ పాఠకులారా, మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి.

"జనం ఎక్కువయ్యారు" అనే ముందు, ఎవరిని తీసివేస్తే బాగుంటుందని మన మనసు అంటున్నదో ఒక్కసారి చూసుకుందాం. అక్కడ ఒక ముఖం కనబడితే నోరు దానంతట అదే ఆగుతుంది.

నలుగురు బిడ్డలున్న ఇంటిని ఎగతాళి చేయవద్దు. ఒక్క ఆడపిల్లతో ఆగిన తల్లిని "ఒక కన్ను కన్నూ కాదు" అని పొడవవద్దు. బిడ్డలు లేని దంపతులను శుభకార్యాల్లో నొప్పించవద్దు.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరపడానికి 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. వలసపోయినవారు, తండాలవారు, ఒంటరి ముసలివారు ఇటువంటి లెక్కల్లో సులభంగా జారిపోతారు. లెక్కలో లేనివారికి బడి రాదు, మందు రాదు. మనుషుల్ని అంకెలుగా చూడరాదన్నది ఎంత నిజమో, అంకెలో కూడా చేరనివారిని ఎవరూ చూడరన్నది అంతే నిజం. మన విచారణ యువకులు అటువంటివారి పేర్లు రాయించడానికి సాయపడితే అది గొప్ప పుణ్యకార్యం.

చివరగా, పిల్లలు పట్నాలకు, పరదేశాలకు వెళ్లిపోగా తలుపు దగ్గర కూర్చున్న అవ్వాతాతలు ప్రతి ఊళ్లోనూ పెరుగుతున్నారు. వారికి కావలసింది జనాభా విధానం కాదు, వారానికొకసారి తలుపు తట్టే మనిషి.

నారు పోసినవాడు తన పని చేశాడు. నీరు పోయడానికే మనకు చేతులిచ్చాడు. కాలువ చివరి మడి ఎండిపోతుంటే "నారు ఎక్కువైంది" అని పీకివేసే రైతు ఎవరూ ఉండరు. గట్టు వెంట నడిచి, నీరు ఎక్కడ ఆగిపోయిందో చూసి, పార పట్టుకుంటాడు. మనమూ ఆ పార పట్టుకుందాం.