ఇరుకు వాకిలి దగ్గర

యెరూషలేము దారిలో ఒక మనిషి యేసును ఆపి, రక్షణ పొందేవాళ్లు కొద్దిమందేనా అని అడిగాడు. లూకా సువార్త 13వ అధ్యాయం అతని పేరు చెప్పదు. ఆ ప్రశ్నకు యేసు లెక్క చెప్పలేదు. కొద్దిమందే అనలేదు, చాలామంది అనీ అనలేదు. అడిగింది ఒక్కడైతే జవాబు మాత్రం అక్కడున్న అందరికీ ఇచ్చాడు: ఇరుకు వాకిట్లోంచి లోపలికి రావడానికి మీరు పాటుపడండి అని. పరుల సంగతి అడగబోయినవాడికి తన సంగతే ఎదురొచ్చింది.

ఆ తర్వాతి మాటలు ఇంకా గట్టివి. ఇంటి యజమాని తలుపు వేశాక బయట నిలబడి తట్టేవాళ్లు ఎవరు? ఆయనతో కలిసి తిన్నవాళ్లు, తాగినవాళ్లు, తమ వీధుల్లోనే ఆయన బోధ విన్నవాళ్లు. పంక్తిలో కూర్చునేదేమో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నుంచి వచ్చినవాళ్లు. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు భయం వేసేది గుడి బయట ఉన్నవాళ్లను తలచుకుని కాదు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునే నన్ను తలచుకుని.

కరీంనగర్, మంచిర్యాల, గోదావరిఖని వైపు ఉజ్జీవ కూటాలకు వెళ్లినవాళ్లకు ఒక ప్రశ్న బాగా తెలుసు: నువ్వు రక్షణ పొందావా? జవాబుగా తేదీ చెప్పగలిగినవాళ్లున్నారు, సాక్ష్యం చెబుతూ కన్నీళ్లు పెట్టుకునేవాళ్లున్నారు. ఆ కన్నీళ్లను నేను తక్కువ చేయను. ఊరి చివరి వాడల్లో తరతరాలుగా తలవంచుకుని బతికినవాళ్లకు, నీ పేరు దేవుడికి తెలుసు అన్న మాటే మొదటి విముక్తి. 19వ శతాబ్దం చివర నిజాం రాజ్యానికి వెస్లియన్ మిషనరీలు వచ్చాక మాల, మాదిగ వాడలకు వాడలే బాప్తిస్మం తీసుకోవడం వెనుక ఆ మాట కోసం ఆకలి ఉంది. పరలోకం మాట వాళ్లకు చచ్చాక దొరికే చోటుగా మాత్రమే వినబడలేదు. బతికుండగా నడుము నిటారుగా నిలబెట్టే మాటగా వినబడింది. రక్షణను ఒట్టి ఆత్మల వ్యవహారంగా చూసేవాళ్లు ఈ చరిత్రను మళ్లీ చదవాలి.

అయితే అదే కూటంలో రెండో ప్రశ్న కూడా మెల్లగా లేస్తుంది. నాకు రక్షణ దొరికింది సరే, మరి బాప్తిస్మం లేకుండా పోయిన మా నాయినమ్మ? సువార్త చెవినపడకుండానే పోయిన మా తాత?

ఈ బాధ మన జిల్లాల్లోనే పుట్టింది కాదు. ఐరోపాలోని ఫ్రిసియా రాజు రాడ్‌బోడ్ గురించి పాత కథ ఒకటుంది. బాప్తిస్మపు నీళ్లలో కాలు పెట్టబోతూ, మా పెద్దలు ఎక్కడున్నారని అడిగాడట. నరకంలో అని జవాబు వచ్చింది. అయితే వాళ్ల దగ్గరికే పోతానని వెనక్కి తగ్గాడట. కథ నిజమో కాదో గానీ, మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ 1552లో రాసిన ఉత్తరం మాత్రం నిజం. జపాన్‌లో కొత్తగా విశ్వాసులైనవాళ్లు తమ పూర్వీకులకు ఇక విడుదల లేదని విని ఏడ్చారని, వాళ్ల దుఃఖం చూసి తనకూ దుఃఖం కలిగిందని ఆయన రాసుకున్నాడు.

ఆదిలాబాద్ గోండుల మధ్య ఈ ప్రశ్న బరువు ఇంకా ఎక్కువ. వాళ్ల లోకంలో ఒంటరి మనిషి ఉండడు, వంశం ఉంటుంది. చనిపోయినవాళ్లు వంశదైవమైన పెర్సాపేన్‌తో కలుస్తారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ జరిగితే గానీ వాళ్లు ఆ వంశంలో పూర్తిగా చేరినట్టు కాదు. బతికినవాళ్లు, పోయినవాళ్లు, పుట్టబోయేవాళ్లు ఒకే తాడుకు కట్టినట్టు బతికే మనుషులకు, నువ్వొక్కడివే తప్పించుకో అని చెబితే అది శుభవార్తలా ఎలా వినబడుతుంది?

సంఘం తన విశ్వాస ప్రమాణంలోనే దీనికి ఒక వాక్యం దాచుకుంది. సిలువకూ పునరుత్థానానికీ మధ్య ప్రభువు మృతుల లోకంలోకి దిగాడని ప్రతి ఆదివారం చదువుతాం, త్వరగా దాటిపోతాం. పేతురు మొదటి పత్రిక ఇంకో అడుగు వేసి, చెరలో ఉన్న ఆత్మలకు ఆయన ప్రకటించాడని, చనిపోయినవాళ్లకూ సువార్త చేరిందని అంటుంది. దాని అర్థం మీద పండితులు ఈనాటికీ ఏకం కాలేదు. నేను దాన్ని ఇలా చదువుకుంటాను: ఆయన దిగని లోతు లేదు. మన పెద్దలు ఏ లోతులో ఉన్నా, ఆయన కాలు మోపని చోట లేరు.

ఇలా ఆశించడం కొత్త కాదు. కరీంనగర్‌లోని సీఎస్ఐ పెద్ద గుడి పేరు వెస్లీ కథీడ్రల్. ఆ గుడికి పేరిచ్చిన జాన్ వెస్లీ, 1738 మే 24 సాయంత్రం లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో తన హృదయం వింతగా వెచ్చబడిన అనుభవం పొందినవాడు, గుర్రమెక్కి ఊరూరా రక్షణ ప్రకటించినవాడు. క్రీస్తే మార్గమని ఆయన కన్నా గట్టిగా చెప్పినవాళ్లు అరుదు. అలాంటివాడు 1790లో, చావుకు ముందు ఏడాది, ఒక ప్రసంగంలో క్రీస్తును ఎరగని జనులందరికీ నరకశిక్ష రాసే అధికారం తనకు లేదని, బతికున్న ఏ మనిషికీ లేదని తేల్చిచెప్పాడు. ఇందులో వైరుధ్యం నాకు కనబడదు. మనిషి దేవుణ్ణి వెతకకముందే దేవుడి కృప మనిషిని వెతుక్కుంటూ ముందుగా బయల్దేరుతుందని ఆయన నమ్మాడు. మిషనరీ ఊరికి చేరేసరికి దేవుడు అక్కడ ఎప్పటినుంచో పనిలో ఉంటాడు.

కతోలిక సంఘం ఈ చోటికి ఎక్కువ దూరం నడిచి వచ్చింది. సంఘం వెలుపల రక్షణ లేదన్నది మూడో శతాబ్దపు సిప్రియాను నుంచి వచ్చిన మాట. దాన్ని అక్షరాలా పట్టుకుని మొండికేసిన అమెరికా గురువు లెనర్డ్ ఫీనీని 1953లో రోమే వెలివేసింది. 1964లో రెండో వాటికన్ మహాసభ, తమ తప్పు లేకుండా సువార్తను ఎరగక, యథార్థ హృదయంతో దేవుణ్ణి వెతికి మనస్సాక్షి ప్రకారం నడిచేవాళ్లకూ రక్షణ దొరకవచ్చని ప్రకటించింది. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిపిల్లల విషయంలో నిరీక్షణకు బలమైన ఆధారాలున్నాయని 2007లో రోములోని వేదాంతుల సంఘం చెప్పింది. పురిట్లో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఈ కబురు చేరాలి. ఇప్పటికీ చాలామందికి చేరలేదు.

ఈ మాటలు కళ్లెదుట కనబడే చోటు మన దగ్గరే ఉంది, నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లి. కుష్ఠురోగుల కోసం అక్కడ 1915లో ఆసుపత్రి పెట్టింది ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ వైద్యురాలు, మెథడిస్టు మిషనరీ. దానికి చేయూతనిచ్చిన దాత రాజా నర్సాగౌడ్ హిందువు. ఊరు తరిమేసినవాళ్లకు వీళ్లిద్దరి వల్ల ఒక పడక, ఒక మందు, ఒక పలకరింపు దొరికాయి. మత్తయి 25వ అధ్యాయంలో తీర్పు సింహాసనం ముందు జరిగేది గుర్తుచేసుకుంటే ఈ ఇద్దరినీ విడదీసి చూడటం నావల్ల కాదు. అక్కడ కుడివైపు నిలబడ్డవాళ్లు ఆశ్చర్యపోతారు. నిన్ను రోగిగా ఎప్పుడు చూశామని ఎదురు అడుగుతారు. తాము సేవ చేసింది ఎవరికో వాళ్లకు తెలియదు. తెలియకుండా చేసినదే లెక్కకొచ్చింది. క్రియలతో పరలోకాన్ని కొనుక్కోవచ్చని నేననడం లేదు, అది పౌలు ఒప్పుకోడు. ఆ చేతులను కదిలించినది కూడా క్రీస్తు కృపే అంటున్నాను.

అలాగైతే సువార్త చెప్పడం ఎందుకు అని సూటిగా అడిగే సోదరులున్నారు. అడగాల్సిన ప్రశ్నే. నరకం భయం ఒక్కటే మనల్ని వీధిలోకి నడిపిస్తుంటే ఆ భయం తగ్గిన రోజు నోరు మూతపడుతుంది. కానీ పౌలును నడిపించింది వేరు. రోమా పత్రిక 9వ అధ్యాయం మొదట్లో ఆయన, తన రక్తబంధువుల కోసమైతే తానే క్రీస్తు నుంచి వేరై శపించబడ్డా సరేనన్నంత దూరం వెళ్తాడు. బంగారు దూడ దగ్గర మోషే కూడా అంతే, వాళ్లను క్షమించకపోతే నీ పుస్తకంలోంచి నా పేరు కొట్టెయ్ అన్నాడు. పరలోకం తన చేతికందినా తనవాళ్లు లేని పరలోకం వద్దనిపించడం, నా దృష్టిలో, రక్షణ లోపలికి దిగిందనడానికి గుర్తు. తల్లి బతుకమ్మ పేరుస్తుంటే, బిడ్డ గుడికి పోయే ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. ఆ బిడ్డ అమ్మ కోసం చేసే ప్రార్థనలో తీర్పు ఉండదు, వేదన ఉంటుంది.

పౌలు ఆ వేదనతోనే మూడు అధ్యాయాలు వాదించాడు. ఏరుకోవడం, తృణీకరించడం, కత్తిరించి అంటుకట్టిన ఒలీవ కొమ్మలు, అన్నీ తిరగేశాడు. 11వ అధ్యాయం చివరికి వచ్చేసరికి దేవుడు అందరినీ అవిధేయతలో మూసిపెట్టింది అందరిమీదా కనికరం చూపడానికే అన్న మాట ఆయన నోట వచ్చింది. ఎవరెవరు లోపల, ఎవరెవరు బయట అన్న జాబితా రాయలేదు. అక్కడితో వాదన ఆపి, దేవుడి జ్ఞానం ఎంత లోతైనదో అని స్తుతి మొదలుపెట్టాడు.