వాణిజ్యమున భగవదారాధనము

వర్తకము చేయువాడు వర్తకము విడువకయే తరింపగలడా? అంగడి యన్న లాభము కోరక తప్పదు. లాభము వెంట లోభము నీడవలె వచ్చును. అందుచే అంగడిలో ధర్మము నిలువదని కొందఱి తలంపు. మహాభారత శాంతిపర్వమునందలి తులాధారుని కథ ఈ సంశయమును తీర్చుచున్నది.

జాజలి యను ముని కదలక తపము చేయుచుండగా అతని జడలలో పక్షులు గూడు కట్టి పిల్లలను చేసికొనినవి. తాను ధర్మమును సాధించితినని అతడు పొంగిపోగా, "కాశిలోని తులాధారునకు నీవు సాటిరా"వని ఆకసమున నొక వాక్కు వినవచ్చెను. పోయి చూడగా, ఆ తులాధారుడు రసములు, సుగంధద్రవ్యములు, ఫలమూలములు అమ్ముకొను వణిజుడు! సర్వభూతములయెడ తన త్రాసు సమముగా నుండుటయే తన వ్రతమని అతడు తెలిపెను. ముని తన జడలను చూచుకొని పొంగెను. వణిజుడు త్రాసుముల్లును చూచుకొని నిలిచెను.

ఇది పురాణకాలమునకే చెల్లిన మాట కాదు. 1844వ సంవత్సరమున ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణమున 28 మంది సామాన్యులు, వారిలో నేతపనివారును గలరు, ఉన్నంతలో కూడబెట్టి యొక చిన్న వెచ్చాల అంగడి తెఱచిరి. వెన్న, చక్కెర, గోధుమపిండి మొదలగునవి అమ్మిరి. కల్తీలేని సరకు, సరియైన తూనిక, మిగిలిన లాభమును కొన్నవారికే వారి కొనుగోలు ననుసరించి పంచుట: ఇవియే వారి నియమములు. ఆ యంగడి కాలక్రమమున అనేక శాఖలుగా పెరిగెను. దానికి యజమాని యని యొక్కని చూపుటకు వీలులేదు.

ఆ సహకారధర్మమే మన సీమలోను వేరూనినది. మంత్రాలయ యాత్రికులకు ఆదోని, ఎమ్మిగనూరు పరిచితములే. ఎమ్మిగనూరు నాడు బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలో నుండెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆ తాలూకా కర్నూలు జిల్లాలో చేరెను. అచ్చట 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. 1954లో వారికి పద్మశ్రీ బిరుదము లభించెను.

నూలు అప్పుగా తెచ్చి, నేసిన బట్టను అప్పిచ్చినవానికే అతడు కట్టిన ధరకు ఒప్పగించుట పేద నేతగాని పాత బాధ. సంఘమున్నచో నూలును, కూలియు, అమ్మకమును సంఘమే చూచును, లాభము సభ్యులదగును. సహకార న్యాయమున స్థాపకునకు నొక్కటే ఓటు, మగ్గపు గుంటలో కూర్చున్నవానికి నొక్కటే ఓటు.

అట్లయిన స్థాపకుని శ్రమకు ఫలమేమి? గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున వాణిజ్యమును స్వకర్మలలో పేర్కొని, స్వకర్మయే తన యర్చనయని ఉపదేశించెను. జీవుడు శేషుడు, శ్రీమన్నారాయణుడు శేషి. సర్వస్వామ్యము ఆయనదైనపుడు మన చేతిలోని ధనము ఆయన దాచుమని యిచ్చిన సొత్తే. దానినుండి కుటుంబము పోషించుకొనుట దోషము కాదు. పరులకు చెందవలసినది దాచుకొనుటయే దోషము.

ఈ ధర్మము అమ్మువానికే కాదు, కొనువానికిని గలదు. స్వామికి పట్టువస్త్రము సమర్పించు భక్తుడు, దానిని నేసినవాని కూలిని బేరమాడి తగ్గించినచో ఆ కైంకర్యము ఎవరి సొమ్ముతో జరిగినట్లు? తూకమున తగ్గించిన గుప్పెడు బియ్యము హుండీలో కానుకగా మాఱినంతమాత్రమున పుణ్యము కాదు. సన్నిధికి పోవుటకు ముందు ఎవరి త్రాసును వారు సరిచూచుకొందురు గాక!