ఎవరి పుస్తకం, ఎవరి ప్రశ్న

దళిత విద్యార్థి దళిత సాహిత్యం మీదనే పరిశోధన చెయ్యాల్నా? పీర్జాదిగూడలో మా ఇంటికి వచ్చే పిల్లలు అడిగే మాట ఇది. సర్కారు బడిలో నా దగ్గర చదివి, ఇప్పుడు ఎం.ఏ. తెలుగు చేస్తున్నవాళ్లు. "పేపర్ రాయాలె సార్, ఏ పుస్తకాలు తీస్కోవాలె, ఏ అంశం పెట్టుకోవాలె?" అంటరు. ఇది ఒక్క చదువు సంగతే కాదు, న్యాయం సంగతి కూడా.

మా నాయిన నాచారం ఫ్యాక్టరీలల్ల కూలి. అమ్మ పీర్జాదిగూడలో లేస్తున్న కాలనీల ఇండ్లకు ఇటుకలు మోసింది. మా ఇంటిలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ని నేను. ఎం.ఏ.లో అంశం అడగబోతే ఒక పెద్దసారు "మీకు జాషువా ఉన్నాడు గదా" అన్నడు. రేషన్ కార్డు మీద బియ్యం ఇచ్చినట్టు జాషువాను ఇచ్చిండు. నా పక్కన కూర్చున్నవాళ్లకు మనుచరిత్ర నుంచి శ్రీశ్రీ దాకా అన్నీ తెరిచే ఉన్నయి. ఊరికి వాడ ఉన్నట్టు సిలబస్‌కూ ఒక వాడ ఉందని ఆనాడే తెలిసింది.

దీనికి జవాబుగా కొందరు మన పిల్లలు ఇంకో దారి పడుతున్నరు. దళిత సాహిత్యం ముట్టుకుంటే ముద్ర పడుతుందనీ, రేపు ఇంటర్వ్యూలో కులం ముందుకొస్తుందనీ భయం. ఆ భయం అబద్ధం కాదు. కానీ మనం వదిలేసిన చోట ఎవరు కూర్చుంటరు? మన అమ్మల బతుకును వాళ్లే కొలుస్తరు, వాళ్లే మార్కులేస్తరు. నెట్టితే వాడలోకి పోవడం, జడిసి వాడను దాటిపోవడం, ఈ రెండింట్లోనూ ఎంచుకున్నది మనం కాదు.

నా మాట ఇది: పుస్తకం ఎవరిదైనా కావచ్చు. ప్రశ్న మనదై ఉండాలె.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922 నాటిది. రాసినాయన మాల కాదు. అంతమాత్రాన అవతల పారేసేది కాదు, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన నవల. అందులో సంగదాసును చౌదరయ్య చంపుతడు. తండ్రి రామదాసు ఓర్చుకుంటడు. ఇంకో కొడుకు వెంకటదాసు తిరగబడతడు. దీని పక్కన కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' పెట్టండి. గరిమెళ్ల తెల్లదొరతనం వద్దన్న రోజుల్లోనే, మరి నల్లదొరల సంగతేందని అడిగిన దళిత కవి ఆయన. కాలం ఒకటే. మరి ఎవరి కంటికి దొర ఎవరు? మాలవాని విముక్తిని ఊహించింది ఎవరు? ఇది అంశం. "మాలపల్లిలో దళిత చైతన్యం" అన్నది అంశం కాదు, అట్టమీది పేరు.

జాషువా 'గబ్బిలం' (1941) మేఘసందేశం తెలియకుండా పూర్తిగా అందదు. యక్షుడు మబ్బుతో భార్యకు కబురంపితే, ఇక్కడ అంటరానివాడు గబ్బిలంతో శివుడికి కబురంపుతడు. మనిషికి తెరవని గుడిలోకి గబ్బిలం పోగలదు. కాళిదాసును మనది కాదనే హక్కు ఎవరికీ లేదు, మనకు కూడా.

వేముల ఎల్లయ్య 'కక్క' తీసుకునే నల్లగొండ మాదిగ పిల్లకు అమ్మమ్మే నిఘంటువు. గోగు శ్యామల కూర్చిన దళిత స్త్రీల సాహిత్యం 'నల్లపొద్దు' (2003) చదివితే మన మగవాళ్ల పుస్తకాలను కూడా నిలదీయాల్సి వస్తది. నిలదీయండి. సొంతింటిని వదిలిపెట్టే ప్రశ్న సగం ప్రశ్నే. పాత ప్రతుల కోసం సుందరయ్య విజ్ఞాన కేంద్రం దాకా పోండి.

వాడలో పెద్దమనుషులను అడిగి రాసేటప్పుడు మాత్రం ఒక నియమం పెట్టుకోండి. వాళ్లు రాయొద్దన్నది రాయకండి. రాసింది చదివి వినిపించండి. వాళ్ల బతుకు మన డిగ్రీకి ముడిసరుకు కాదు.

మా అమ్మకు సంతకం వరకే వచ్చు. నేను ఏ పుస్తకం కథ చెప్పినా అంతా విని, "ఆఖరికి మనోళ్లు ఏమైతరు కొడుకా?" అని అడుగుతది. మీ పేపర్ అక్కడ మొదలుపెట్టండి.