జీర్ణగృహోద్ధరణము

ద్వారకకు వెళ్లిన కుచేలుడు ఏమియు అడుగలేదు. తెచ్చిన అటుకులను చూపుటకే సిగ్గుపడినవాడు ఇల్లు ఎట్లు అడుగగలడు? శ్రీకృష్ణుడును ఇత్తునని మాట యీయలేదు. ఆ బ్రాహ్మణుడు తిరిగి వచ్చుసరికి పాత గుడిసె యున్న చోట దివ్యభవనము నిలిచియున్నది. దశమస్కంధములోని ఈ కథను విన్నవారు ఆ ఐశ్వర్యమునే తలచి మురియుదురు. మిత్రుని నోట యాచన రాకుండ కాపాడిన తీరు అంతకన్న గొప్పది గదా!

నేటి కుచేలునకు మఱియొక చిక్కు కలదు. అతనికి సొంత ఇల్లున్నది. తండ్రినాటి పెంకుటిల్లు, దూలమునకు చెదపట్టినది, వానకు ముందు పెంకులు సర్దించుటకు కూలిడబ్బులు లేవు. లోకము మాత్రము "ఇల్లున్నవానికేమి లోటు?" అనును. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజన ఇల్లు లేనివారికిని, కచ్చా ఇండ్లవారికిని కొత్త ఇంటికై మైదానప్రాంతములలో 1,20,000 రూపాయలు నిర్ణయించినది. మంచిపనియే. కాని పాత స్లాబు పెచ్చులూడి మంచముపై పడుచున్న వృద్ధురాలు ఆ లెక్కలోనికి రాదు.

అమెరికాలో 1949 నాటి గృహచట్టములోని 504వ సెక్షను క్రింద ఇట్టివారికి ఒక దారి యున్నది. గ్రామప్రాంతములలో సొంత ఇంట నివసించు మిక్కిలి తక్కువ ఆదాయము గలవారికి మరమ్మతులకై 1 శాతము వడ్డీకి అప్పు నిత్తురు. 62 ఏండ్లు నిండి, ఆ అప్పునైనను తీర్చలేనివారికి ప్రమాదకరమైన లోపములను సరిచేయించుటకు గ్రాంటు లభించును. మూడేండ్ల లోపల ఇల్లు అమ్మినచో ఆ గ్రాంటు సొమ్ము తిరిగి చెల్లింపవలెను. షరతు కఠినముగా తోచినను అన్యాయము కాదు. ఆ సొమ్ము అక్కడ నివసించు మనిషి కొఱకు ఇచ్చినది.

"కొడుకులు లేరా?" అని ప్రశ్నించువారు మన యూళ్లలో పలువురు. ఉండవచ్చును, వారును ఎక్కడనో కూలి చేసికొనుచుండవచ్చును. ఆ విచారణ ముగియులోపల వాన వచ్చును.

పక్షవాతముతో చక్రముల కుర్చీకి పరిమితమైన గృహస్థునకు కప్పుకన్న గడపయే పెద్ద ఆటంకము. పసుపు పూసి, కుంకుమ పెట్టి, లక్ష్మీస్థానముగా కొలుచు గడపను తొలగింపవచ్చునా అని ఇంటి ఇల్లాలు సంకోచించును. ఆ సంకోచమును పరిహసింపరాదు. గడపను కదలింపకయే ఇరువైపుల వాలుదారి కట్టవచ్చును. అంగుళము ఎత్తునకు పండ్రెండు అంగుళముల పొడవు చొప్పున, అరడుగు గడపకు ఒక్కొక్కవైపు ఆరడుగుల వాలు చాలును. కొద్దిపాటి సిమెంటు, ఒక తాపీమేస్త్రి శ్రమ. ఇంతమాత్రము లేక, ఏకాదశినాడైనను కోవెలకు పోలేక ఒకడు తన యింటనే బందీయైయుండుట ఎంత బాధ!

ఆలయముల విషయమున ఇట్టి ఉపేక్ష లేదు. తిరుమలలో పండ్రెండేండ్ల కొకసారి బాలాలయ మేర్పఱచి అష్టబంధనము చేయుదురు. 2018 ఆగస్టులో మహాసంప్రోక్షణము జరిగినది. శిథిలమగువఱకు ఎవరును వేచియుండరు. సర్వభూతములయందును ఉన్న భగవంతుని అనాదరించి ప్రతిమను మాత్రమే పూజించుట నిష్ఫలమని తృతీయస్కంధమున కపిలుడు తల్లి దేవహూతికి బోధించెను. ఆ బోధకు ముదుసలి యింటి కప్పు వెలియగునా?

పదుగురి సొమ్ము కనుక అర్హతను విచారింపకుండ ఈయరాదనుట సమంజసమే. అయితే కారుచున్న కప్పును కార్యాలయమునకు మోసికొని రాలేరు గదా. జ్యేష్ఠమాసమున, తొలకరికి ముందు, భజనగోష్ఠివారు నలుగురు ఒక మేస్త్రిని వెంటబెట్టుకొని వీథులలో తిరిగినచో ఏ యింటి వాసము వంగినదో, ఏ గడపవద్ద కుర్చీ ఆగిపోయినదో వారికే కనబడును.