ఇంటిపేరు పక్కన చుక్క

గడివేములలో మా మిద్దె మీద కూర్చొని పైథాన్‌లో సర్టిఫికెట్లు సరిచూసే నలభై వరసల ప్రోగ్రాం రాసినాను. బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్లటి తెర మీద హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, పేరు కొడితే, ఫైల్లో ఉన్నదానితో పోల్చి "సరిపోయింది" అనో "దొరకలేదు" అనో చెప్తుంది.

మొదట నా పదో తరగతి వివరాలే కొట్టినాను. దొరకలేదంది! గంటసేపు వెతికితే తేలింది: ఫైల్లో ఇంటిపేరు పొడి అక్షరం పక్కన చుక్క ఉంది, నేను కొట్టలేదు. పక్కనే శనక్కాయలు ఒలుస్తున్న అవ్వ, "అయితే నువ్వు చదవనట్టేనా రా?" అనింది.

అవ్వ ప్రశ్నకు న్యాయదర్శనం గుర్తొచ్చింది. దానికి ప్రమాణాలు, అంటే తెలుసుకునే దారులు, నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దమంటే నమ్మదగినవాడి మాట. సర్టిఫికెట్ ఆ నాలుగోదే. ప్రోగ్రాం నా చదువును చూడదు, రెండు మాటలు ఒకటేనా అని చూస్తుంది. అదీ గుడ్డిగానే. నా కాగితం మీద కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది నంద్యాల జిల్లా. జిల్లా గడి కూడా పెట్టింటే నన్ను అబద్ధాలకోరును చేసేదే.

ఛాందోగ్యోపనిషత్తులో గురువు గౌతముడు, చదువుకోడానికి వచ్చిన సత్యకాముణ్ణి గోత్రమేదని అడుగుతాడు. తెలియదు, మా అమ్మ జబాలకూ తెలియదు అంటాడు పిల్లోడు. ఆ నిజం చెప్పినందుకే గురువు చేర్చుకుంటాడు. అక్కడ ఖాళీ గడే అర్హత.

రాత్రి చుక్కలు వదిలేసి పోల్చేలా ఒక వరస చేర్చినాను. "దొరకలేదు" తీసేసి "మనిషిని అడగండి" అని పెట్టినాను. అవ్వకు చదివి వినిపించినా. "ఎవుర్ని?" అనింది.