పసివాని ఊపిరి – వర్తకుని బాధ్యత

జైన గృహములో నీరు వడగట్టకుండ త్రాగరు. సూర్యాస్తమయము తరువాత భుజింపరు. కంటికి కానరాని ప్రాణికి సయితము తెలియక కీడు కలుగరాదని పెద్దలు ఏర్పరచిన కట్టుబాట్లు ఇవి. కుండలోని నీటిని ఇంత జాగ్రత్తగా చూచుకొను ఇంటివారు, బిడ్డ దినమంతయు పీల్చు గాలిని గూర్చి ఎంత ఆలోచించుచున్నారు? ఆ గాలిలోనికి పొగ వదలు లారీ తమ సరకునే మోయుచున్నప్పుడు, ఆ పొగ వలని కీడును ఎవరి ఖాతాలో వ్రాయవలెను? వర్తక కుటుంబముల ముందు నేడు నిలిచియున్న ధర్మసందేహము ఇది.

ఖల్లికోట సీమ ఒకవైపు కొండలును, మరియొకవైపు చిలక సరస్సును గల చల్లని ప్రదేశము. ఈ గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు మద్రాసు రాజధానిలో చేరియుండెను. నాటి నుండి నేటి వరకు ఇచ్ఛాపురము, బరంపురము, ఛత్రపురము, రంభల మీదుగా కలకత్తాకు పోవు బాటయే ఇచ్చటి వ్యాపారమునకు జీవనాడి. మొదట ఎడ్లబండ్లు, పిదప రైలు, ఆపైన లారీలు వచ్చినవి. పూర్వము 5వ నెంబరు, ఇప్పుడు 16వ నెంబరు జాతీయ రహదారి అనబడు ఆ బాట మీద బియ్యము, పప్పులు, నూనె, బట్టల బేళ్లు రాత్రింబగళ్లు నడచుచున్నవి. ఏ రహదారి ప్రక్కనైనను వలెనే ఇచ్చటను అంగళ్లు, ఇండ్లు, బడులు అల్లుకొనియున్నవి. లారీ ఆగు చోటనే పసివాడు పుస్తకముల సంచితో నిలుచుచున్నాడు.

పొగ వలన దగ్గు, ఉబ్బసము వచ్చునని అందరును ఎరుగుదురు. అది బుద్ధిని కూడ తాకునన్న సంగతి ఇటీవలి కాలమున గట్టిగా తెలియవచ్చినది. డీజిలు పొగలోని నలుసులు మిక్కిలి సన్ననివి. రెండున్నర మైక్రానుల లోపు నలుసు మనుష్యుని వెంట్రుక మందములో సుమారు ముప్పదవ వంతు. అది ముక్కులో గాని గొంతులో గాని ఆగక ఊపిరితిత్తుల అడుగు వరకు పోవును. వానిలో అతి సూక్ష్మమైనవి రక్తములోనికి చేరగలవు. బిడ్డ మెదడు అయిదారేండ్ల లోపలనే పెద్దవారి మెదడు పరిమాణములో నూటికి తొంబది వంతులకు పెరుగును. ఆ పెరుగుదల జరుగు కాలములో పసివాడు తన బరువును బట్టి చూడగా పెద్దవానికంటె ఎక్కువ గాలి పీల్చును. పైగా వాని ముఖము బండి పొగగొట్టమునకు దగ్గరగా ఉండును.

స్పెయిను దేశమందలి బార్సిలోనా నగరములో 39 బడులకు చెందిన 2,715 మంది పిల్లలను 2012, 2013 సంవత్సరములలో పరీక్షించిరి. వారందరును 7 మొదలు 10 ఏండ్ల వయస్సువారు. విన్నదానిని మనస్సులో నిలుపుకొని పని చేయు శక్తి, బండ్ల పొగ తక్కువగా నున్న బడులలో ఒక్క ఏడాదిలో నూటికి 11.5 వంతులు పెరుగగా, పొగ ఎక్కువగా నున్న బడులలో 7.4 వంతులు మాత్రమే పెరిగెను. న్యూయార్కు నగరములోని కొలంబియా విశ్వవిద్యాలయమువారు గర్భిణీ స్త్రీలకు గాలిని కొలుచు పరికరము సంచిలో పెట్టి ఇచ్చి, పుట్టిన బిడ్డలను అయిదవ ఏట పరీక్షించిరి. ఇంధనము మండగా పుట్టు కొన్ని విషపదార్థములను ఎక్కువగా పీల్చిన తల్లుల బిడ్డలకు బుద్ధి పరీక్షలో సగటున 4 మార్కులకు పైగా తగ్గినవని 2009లో ప్రకటించిరి. తల్లిదండ్రుల చదువు, ఇంటి స్థితిగతులు లెక్కలోనికి తీసికొనిన పిదప కూడ ఆ తేడా నిలిచినది.

నాలుగు మార్కులు పోయిన మాత్రాన మునిగిపోయినదేమి అని ఎవరైన అడుగవచ్చును. ఒక బిడ్డ విషయమున అది కంటికి కానరాకపోవచ్చును. కాని త్రాసు ముల్లు ఒక గింజ బరువుకు కదలకపోయినను, బస్తా బస్తాకు ఒక గుప్పెడు తగ్గిన ఏడాది చివర ఎంత నష్టమగునో వర్తకునికి వేరుగా చెప్పనక్కరలేదు. ఊరిలోని పిల్లలందరి తెలివిలో గుప్పెడేసి తగ్గిన, అది ఆ ఊరి మూలధనములో తరుగు.

ఇవి కేవలము పరిశోధనలు, పూర్తిగా ఋజువైనవి కావు, అంతదాక వ్యాపారము ఆపుకొనుటయా అని మరియొక ఆక్షేపణ కలదు. దీనికి సీసము కథయే సమాధానము. 1921లో అమెరికాలో పెట్రోలులో సీసపు ద్రవ్యము కలిపిన ఇంజను నునుపుగా నడచునని కనుగొనిరి. 1924లో ఆ ద్రవ్యమును తయారుచేయు కర్మాగారములలో పనివారు విషమెక్కి మరణించినను అమ్మకము సాగెను. పిల్లల పాలపండ్లలోని సీసమును కొలిచి, అది ఎక్కువైన కొలది తెలివి పరీక్షలలో వెనుకబాటు కలుగుచున్నదని హెర్బర్టు నీడిల్‌మన్ అను వైద్యుడు 1979లో చూపెను. భారతదేశమున 2000 సంవత్సరము ఫిబ్రవరి నుండి ఆ పెట్రోలు నిలిచిపోయెను. లోకములో చిట్టచివరగా అల్జీరియా 2021లో మానెను. ఋజువు పూర్తి కానిమ్మని కూర్చున్న కాలములో రెండు మూడు తరముల పిల్లలు పెరిగి పెద్దవారైరి. తీరా సీసము పోయిన పిదప ఏ బండియు ఆగలేదు, ఏ వ్యాపారమును చెడలేదు.

ఇక ధర్మము మాట. జైన శాస్త్రజ్ఞులు హింసను నాలుగు తెరగులుగా విభజించిరి. కావలెనని చేయునది సంకల్ప హింస. వంట, ఇల్లు మొదలైన పనులలో జరుగునది ఆరంభ హింస. వృత్తిలో జరుగునది ఉద్యోగ హింస. తన్ను కాపాడుకొనుటలో జరుగునది విరోధ హింస. గృహస్థుడు మొదటి దానిని పూర్తిగా విడువవలెను. తక్కినవి తప్పనివి గనుక తగ్గించుకొనవలెను. లారీ పొగ ఉద్యోగ హింసయే గదా, బిడ్డకు కీడు చేయవలెనని ఏ వర్తకుడును తలపడు గదా అని తృప్తిపడుట సులభము. కాని ఉద్యోగ హింసకు క్షమాపణ దొరకునది అది వృత్తికి తప్పనిదైనప్పుడు మాత్రమే. సరకు దించుచున్న అరగంట సేపు బడి ముందర ఇంజను ఊరక తిరుగుచుండుట ఏ వృత్తికి అవసరము? దాని వలన ఒక్క పైసా లాభము లేదు సరికదా, డీజిలు నష్టము. ప్రయోజనము లేని హింసకు శాస్త్రములో అనర్థదండమను పేరు కలదు. దానిని మానుట శ్రావకుని వ్రతములలో ఒకటి. దానిలో అజాగ్రత్త వలన జరుగునది ప్రత్యేకముగ చెప్పబడినది. కావున ఈ పొగలో ఒక భాగము తప్పనిదియు, మరియొక భాగము కేవలము అజాగ్రత్తయు అయియున్నవి. రెంటిని ఒకే పద్దులో వ్రాయుట సరియైన లెక్క కాదు.

శ్రావకుడు విడువదగిన పదునైదు వృత్తులలో బండ్లు నడపుటయు, బండ్లు బాడుగకిచ్చుటయు పూర్వులు చేర్చిరి. లాగు ఎద్దుకు కలుగు బాధయే అందుకు కారణమని పెద్దలు చెప్పుదురు. ఇంజను వచ్చిన తరువాత ఎద్దు మెడ మీది కాడి దిగెను. ఆ దోషము తొలగినదని అందరును అనుకొనిరి. తొలగలేదు, చోటు మారినది. ఎద్దు బాధ యజమాని కన్నులకు కనబడెడిది, అప్పుడప్పుడు జాలి పుట్టించెడిది. పసివాని ఊపిరిలోని బాధ ఎవరికిని కనబడదు.

అది అందరి మీద సమానముగా పడదనుట కూడ గమనింపవలెను. కలిగినవారి బిడ్డ కారు అద్దములు మూసికొని బడికి పోవును. లారీలు ఆగు చోట టీ అమ్ముకొనువాని బిడ్డ ఉదయము నుండి రాత్రి వరకు అక్కడనే ఆడుకొనును. లాభము ఒక ఇంటికి, తరుగు మరియొక ఇంటికి చేరుట ఏ చిట్టాలోను న్యాయమైన వ్యవహారము కాదు.

చేయదగినది అసాధ్యమేమియు కాదు. అమెరికాలో సుంకపు గేట్లయొద్ద బండ్లు ఆగకుండ పోవు ఏర్పాటు వచ్చిన తరువాత, ఆ చుట్టుపట్ల నెలలు నిండక పుట్టు బిడ్డలును, తక్కువ బరువుతో పుట్టు బిడ్డలును నూటికి పదికి పైగా తగ్గినట్లు 2011లో వెల్లడించిరి. ఆగియుండి పొగ వదలు బండియే పెద్ద కీడు అని దీనివలన తెలియుచున్నది. దేశములో 2020 ఏప్రిల్ నుండి బి.యస్. 6 ప్రమాణముల బండ్లును, గంధకము మిక్కిలి తగ్గించిన డీజిలును వచ్చినవి. పాత బండిని మార్చలేనివారు పంపు, నాజిళ్లు సకాలమున బాగుచేయించుట, అధికపు లోడు వేయకుండుట, పొగ పరీక్షను కాగితము కొరకు గాక నిజముగా చేయించుట చేయవచ్చును. సరకు దింపుట బడి గంటకు ముందే ముగించుట, ఆగినంతనే ఇంజను ఆపుమని డ్రైవరుతో చెప్పుట ఇంకను తేలిక. పిల్లలను పెద్ద రోడ్డు విడిచి లోపలి వీధి మీదుగా బడికి పంపినను మేలే, ఏలయనగా రోడ్డుకు కొన్ని వందల గజముల దూరము పోవుసరికి ఆ పొగ చాలవరకు పలుచబడును.

ఇందులో కష్టము లేకపోలేదు. తెల్లవారుజామున వచ్చు కళాసీలకు కూలి ఎక్కువ ఈయవలసివచ్చును. ఒక వర్తకుడు ఇట్లు ఖర్చు పెట్టుకొనగా, ప్రక్క దుకాణమువాడు పెట్టుకొనక రూపాయి తగ్గించి అమ్మును. కావున ఇది ఒంటరిగా మోయదగిన వ్రతము కాదు. బజారులోని వర్తకులందరును కూడి, బడి వేళలలో బడి వీధిలో లారీ నిలుపరాదని ఒక్క మాట మీదికి వచ్చినచో ఎవరికిని పోటీలో నష్టముండదు. తూకములు, సెలవులు, ధర్మాదాయము విషయములలో ఒక్క మాట మీద నడచు బజారునకు ఇది క్రొత్త విద్య కాదు.

బరంపురములో 1856లో పాఠశాలగా మొదలై 1878లో కళాశాలగా పెరిగిన విద్యాలయము, ఖల్లికోట రాజావారి దానము వలన ఆ సంస్థానము పేరునే వహించినది. విద్యాదానమును ఈ సీమవారు అంత గొప్పదిగా ఎంచిరి. వర్తకులును బడులకు గదులు కట్టించి, పుస్తకములు పంచి పుణ్యము సంపాదించుచున్నారు. అది మిక్కిలి శ్లాఘనీయము. అయితే గది కట్టించిన చేతిలోనిదే ఆ గది కిటికీ ముందు పొగ వదలు లారీ తాళముచెవి కూడ. చదువుకొనుటకు చోటు ఇచ్చినవాడు, ఆ చదువు నిలుచు మెదడును కూడ కాపాడినప్పుడే ఆ దానము పూర్తియగును. కుండ మీది వడపోత గుడ్డ వెనుకనున్న జాగ్రత్త, లారీ తాళముచెవి దగ్గర కూడ ఉండవలెను.