గడియారము – ద్వాదశీ పారణ

కాలము భగవత్స్వరూపమని పెద్దలు చెప్పుదురు. గీతలో విభూతులను వివరించు పదవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మ, లెక్కించువారిలో తాను కాలమునని అర్జునునకు తెలిపెను. లెక్కింపబడు కాలము ఆయనది. లెక్కించు పరికరము మానవునిది. పరికరమునందు లోపముండుట సహజము. ఆ లోపమెంతటిదో, ఎట్టిదో ఎరిగినవానికే గడియారము అక్కరకు వచ్చును.

వైష్ణవ గృహములలో ఈ సంగతి మాసమునకు రెండుమారులు పరీక్షకు నిలుచును. ఏకాదశి నాడు ఉపవసించినవారు మరునాడు ద్వాదశి ఉండగనే పారణ చేయవలెను. సూర్యోదయము కంటికి కనిపించును. ద్వాదశి ముగియు క్షణము మాత్రము ఏ కంటికిని కనిపించదు. సూర్యచంద్రుల నడుమ గల దూరమును బట్టి ఏర్పడునది గనుక, దానిని పంచాంగమందు చూచి గడియారముతో పోల్చుకొనవలసినదే.

అంబరీష మహారాజు కథ ఇచ్చట స్మరణీయము. సంవత్సరకాలము ద్వాదశీవ్రతము సలిపి పారణకు సిద్ధమైన వేళ దుర్వాసమహర్షి అతిథియై వచ్చెను. భోజనమునకు అంగీకరించి యమునకు స్నానార్థమై వెడలెను. ఎంతసేపటికిని మరలి రాడయ్యె. ద్వాదశి అర్ధముహూర్తము మాత్రమే మిగిలెనని భాగవతము చెప్పుచున్నది. ముహూర్తము 48 నిమిషములు. అందు సగము 24 నిమిషములు, అనగా ఒక్క గడియ. అతిథిని విడిచి భుజించుట దోషము. ద్వాదశిని దాటవిడుచుట దోషము. విప్రులను సంప్రదించి, భుజించినట్లును భుజింపనట్లును అగు జలపానమాత్రముచే రాజు వ్రతమును కాపాడుకొనెను. పిదప కృత్య పుట్టుటయు, సుదర్శనము మహర్షిని తరుముటయు అందరెరిగిన కథయే. ఆ రాజునకు కాలమెంత మిగిలెనో సరిగా తెలిసియుండెను అనునది మాత్రము పలువురు గమనింపరు. తెలియనిచో ధర్మసంకటమే కలుగదు. వ్రతము ఊరక భంగమైయుండెడిది.

పూర్వము ఆ లెక్కను అడుగున సన్నని చిల్లుగల గిన్నె చెప్పెడిది. నీటిపై నుంచిన గిన్నె నిండి మునుగుటకు ఒక గడియ పట్టును. అట్లు దినమునకు 60 మారులు. గడియారమను మాట ఆ గడియనుండియే వచ్చినది. నేడు పెద్దల పెట్టెలలో కీ ఇచ్చు చేతిగడియారములు కనిపించును. బెంగుళూరులో 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో గడియారముల తయారీని ఆరంభించిన హెచ్.ఎం.టి. వారివి అందు అనేకము. ఆ సంస్థ గడియారముల విభాగమును మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో నిర్ణయించినను, ఆ గడియారములు ఇంకను నడచుచున్నవి.

అందులోని చిన్నచక్రము, వెండ్రుకవంటి స్ప్రింగు ఆధారముగా ఇటునటు ఊగుచుండును. పలు పాత గడియారములలో సెకనుకు ఐదు, గంటకు 18,000, దినమునకు 4,32,000 కొట్టుకొనుటలు. కలియుగ సంవత్సరముల సంఖ్యగా పురాణములు చెప్పునదియు ఇదే. ఇందు గూఢార్థము వెదకనక్కరలేదు. మనుష్యునికి దినమునకు 21,600 శ్వాసలను సంప్రదాయపు లెక్క ననుసరించి చూచినచో, ఒక్క శ్వాసకు 4 సెకనులు. అంతలో గడియారము ఇరువది మారులు కొట్టుకొనును.

దినమునకు 86,400 సెకనులు. గడియారము పది సెకనులు తప్పినను, అది పదివేలలో ఒకటికి కొంచెము మించిన తప్పు మాత్రమే. స్విట్జర్లాండులో ప్రత్యేక పరీక్ష నెగ్గిన గడియారములకును సగటున దినమునకు 4 సెకనులు వెనుకకు, 6 సెకనులు ముందునకు అనుమతి కలదు. తప్పునకు కారణములు పెక్కు. గడియారమును వెల్లకిల ఉంచినప్పుడొక నడక, నిలువుగా ఉంచినప్పుడొక నడక. కీ సడలినకొలది చక్రపు ఊపు తగ్గును. నూనె ఎండినను అంతే. భజనవేళ మైకు స్పీకరుపై పెట్టి మరచినచో అయస్కాంతశక్తి సోకి స్ప్రింగు చుట్లు ఒకదాని కొకటి అంటుకొనును. అప్పుడది నిమిషముల కొలది పరుగెత్తును.

కామారెడ్డి జిల్లాలో, మహారాష్ట్ర సరిహద్దునకు చేరువనున్న మద్నూరులోని ఒక గృహస్థు సంగతి ఊహింతము. భారతదేశపు ప్రామాణిక కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి ఏర్పడినది. ఆ రేఖ కాకినాడ సమీపముగా పోవును. మద్నూరు అంతకు దాదాపు ఐదు డిగ్రీలు పడమర. కావున కాకినాడలోకంటె అచ్చట సూర్యుడు పావుగంటకు పైగా ఆలస్యముగా ఉదయించును. ద్వాదశి ముగియు క్షణమో, రెండు ఊళ్ళకును ఒక్కటియే. కాకినాడవారికి పారణకు ముప్పాతిక గంట చిక్కిన ఉదయమున మద్నూరువారికి అరగంటయు చిక్కకపోవచ్చును. ఆషాఢ ఏకాదశికి పండరీపురము చేరిన యాత్రికులకు, ఇంకను పడమర కనుక, అంతకంటె తక్కువ.

ఆ గృహస్థుని గడియారము దినమునకు 30 సెకనులు వెనుకబడుననుకొందము. అది స్వల్పమే. కాని మాసము దినములు సరిదిద్దనిచో 15 నిమిషములు వెనుకబడును. ద్వాదశి ముగిసిపోయిన క్షణమున ఆ ముల్లు, ఇంకను పావుగంట కలదని చెప్పును. స్నానసంధ్యలు ముగించి, ఆరాధన చేసి, నివేదించి, నిశ్చింతగా కూర్చుండిన ఆ గృహిణీగృహస్థులకు తమ వ్రతము తప్పినదను మాటయే తెలియదు. ముందుకు నడచు గడియారము తొందరపెట్టును గాని ఇంతటి హాని చేయదు.

కావున గడియారమును వారము దినములు పరిశీలింపవలెను. నిత్యము ఒకే వేళకు కీ ఇచ్చి, ఉదయమున రేడియోతోనో ఫోనుతోనో సరిచూచి భేదమును వ్రాసికొనవలెను. ఒకటి 12, 11, 13, 12 సెకనుల చొప్పున వెనుకబడును. మరియొకటి ఒకనాడు 40 ముందు, ఒకనాడు 40 వెనుక. సగటు చూచినచో రెండవదియే ఉత్తమమనిపించును, తప్పే లేదనిపించును. అయినను రేపేమి చేయునో దానినిబట్టి ఎవ్వరును చెప్పలేరు. మొదటిదాని తప్పు తెలిసినది. తెలిసినదానిని లెక్కలో కలుపుకొనవచ్చును. గడియారములు బాగుచేయువారు లోపలి మీటను రవంత జరిపి దానిని తగ్గింపనుగలరు. రెండవదానికి మీట జరిపినను ఫలములేదు. శుభ్రపరచి నూనె వేయింపవలెను.

దశమి రాత్రి ముల్లు సరిచేసిన ఆ మొదటి గడియారము ద్వాదశి ఉదయమునకు సుమారు 18 సెకనులు వెనుకబడియుండును. గడియ మాత్రమే మిగిలిననాడు సైతము తులసీతీర్థము పుచ్చుకొనుటకు అది చాలును.